మూడు చుక్కల్లో పైది

ముందు ఇనుము మీద ఇనుము పడిన చప్పుడు వినిపించింది. ఠంగ్. కాసేపు నిశ్శబ్దం. మళ్ళీ ఠంగ్, ఈసారి కొంచెం బొంగురుగా. కాలవ మీద మంచు అప్పుడే పరుచుకుంటోంది. చప్పుడు మంచులోంచి మెల్లగా నడిచొచ్చింది. దాని వెనకాలే మనిషి వచ్చాడు. మెడకు మఫ్లరు, చేతిలో ఇనపచువ్వ.

"షట్టర్లు దించేశానని మా రెండో లస్కరు చెప్పాడండి. చెబితే సరిపోద్దా? కొట్టి చూస్తే ఒకటి ఇంకా వేలెడు లేచే ఉంది," అన్నాడు, నేనేమీ అడగకుండానే.

ఆయన పేరు జీవరాజు. ధవళేశ్వరానికి దిగువన, తూర్పు డెల్టా కాలవ మీద ఒక లాకుల దగ్గర గేట్లు చూసుకునే లస్కరు. నేను ఆ ఊరి హైస్కూల్లో సైన్సు చెప్పేవాణ్ణి. సాయంత్రం బస్సు కోసం లాకుల వంతెన మీద నిలబడేవాణ్ణి. అలా పరిచయమయ్యాడు.

పొద్దున ఆరింటికీ సాయంత్రం ఆరింటికీ గేజి మీద నీటిమట్టం చూసి ఆఫీసుకి ఫోను చెయ్యడం ఆయన పని. ఆ లాకుల దగ్గర పాత పద్ధతి ఒకటుంది. లస్కర్లిద్దరూ విడివిడిగా చూసి, చెరో కాగితం మీదా అంకె వేసి మడిచి, ఇద్దరూ రాశాకే విప్పుకోవాలి. తేడా వస్తే పెద్ద లస్కరుగా జీవరాజు అంకే లెక్క. "ఎదుటివాడి అంకె చెవిన పడిందంటే మన కన్ను వెళ్ళి దాని పక్కనే పడుకుంటుందండి," అనేవాడు జీవరాజు.

అనుమానం ఆయనకు ఊపిరి. "కూరలో ఉప్పేశానంటే నమ్మడు, వెళ్ళి డబ్బా మూత తీసి చూస్తాడు," అనేది ఆయన భార్య సూరమ్మ. "ఆదివారం గుళ్ళో పాస్టరయ్యగారు ప్రార్థనకి కళ్ళు మూసుకోమంటే ఈయన ఒకటి తెరిచే ఉంచుతాడండి. దేవుడొస్తే సంతకం పెట్టించుకుందామని కామోసు!"

రెండువేల తొమ్మిది డిసెంబరులో ఆ అనుమానం ఆయన మీదకే తిరిగింది. దాళ్వా పంటకు నీళ్ళొదిలిన కొత్తలో, కాలవ చివరి ఊళ్ళ రైతులు ఆఫీసుకి వెళ్ళి గొడవ చేశారు. లాకుల దగ్గర రాస్తున్నంత నీరు తమ చేలకు రావట్లేదన్నారు. ఏఈ గారు అంకెలు తిరగేసి, "ముసలాడికి చూపు ఆనట్లేదేమో," అని, రాజమండ్రిలో కంటి పరీక్ష చేయించుకు రమ్మని కాగితం పంపారు. పరీక్షలో పోతే గేజి చేతిలోంచి పోతుంది, లాకుల పక్కనున్న రెండు గదుల క్వార్టరూ పోతుంది. రిటైర్మెంటుకి ఇంకా ఎనిమిది నెలలుంది. మొదటిసారి జ్వరమని తప్పించుకున్నాడు. రెండోసారి రావులపాలెంలో మరదలి కూతురి పెళ్ళన్నాడు. మూడోసారి, సోమవారం వెళ్ళి తీరాలని గట్టిగా రాశారు.

శుక్రవారం ఏడు గంటలప్పుడు ఆయన నన్ను వంతెన మీదే ఆపాడు. ఈశాన్యాన కొబ్బరి మట్టల పైన బ్రహ్మహృదయ నక్షత్రం వెలుగుతోంది, ఎవరో గాలిలో నిలిపిన దీపంలా.

"ఆ పెద్ద చుక్క పక్కన మూడు చిన్న చుక్కలున్నాయి చూడండి. వాటిలో ఏది నీరసంగా ఉందో పైకి చెప్పకండి. రాసి ఇవ్వండి."

నేను చూశాను. 'పైది' అని రాసిచ్చాను. టార్చి వేసి చదివి, ఆ వెలుగు నా మొహం మీదకు తిప్పాడు.

"మీ కళ్ళద్దాలు మార్చి ఎన్నాళ్ళయిందండీ?"

తర్వాత కారణం చెప్పాడు. ఆ మూడింటిలో పైదే అన్నిటికన్నా పెద్దది. పాతికేళ్ళుగా ప్రతి చలికాలం దాన్ని చూసే కంటిని పరీక్షించుకుంటున్నాడు. ఈ యేడు అది ఆఖరిదైపోయింది. ముందు ఇటుకబట్టీ పొగ అనుకుని, గట్టు మీద మైలు దూరం నడిచి వెళ్ళి చూశాడు. లాకుల మీద కొత్తగా పెట్టిన దీపం అనుకుని ఆర్పించాడు. ఒక కన్ను మూసి ఒక కంటితో చూశాడు. పైది పైకి లేవలేదు.

"పొగైనా కంట్లో పొరైనా మూడూ కలిసి మసకబారాలి కదా," అన్నాను.

"కంట్లో చిన్న మచ్చుంటే ఒక్కదాని మీదే పడొచ్చండి. మా నాన్నకి అలాగే మొదలైంది. ఆఖరికి అన్నంలో రాయి కూడా వేలితో వెతుక్కునేవాడు." ఆయన గొంతు కాలవ నీళ్ళకన్నా చల్లగా ఉంది. "సోమవారం నేను వెళ్ళనండి. గేజి వాళ్ళకే ఒప్పజెప్పేస్తాను. గుడ్డివాడని రాయించుకోవడం కన్నా అది నయం."

శనివారం రాజమండ్రిలో నెట్ సెంటరుకి వెళ్ళి గంటసేపు వెతికాను. ప్రింటు తీసుకుని సాయంత్రం లాకులకొచ్చాను. ఆ చుక్క ఆగస్టు నుంచి నిజంగానే మసకబారుతోంది. ఇరవై ఏడేళ్ళకోసారి అంతే, అలా రెండేళ్ళుంటుంది. ఏదో భారీ వస్తువు అడ్డొస్తోంది. అదేమిటన్నదే ఎవరూ పూర్తిగా తేల్చలేదు.

జీవరాజు ప్రింటు ముట్టుకోలేదు. "నన్ను బుజ్జగించడానికి రాయించుకొచ్చారా?" అన్నాడు. "సరే, చెప్పండి. ఎవరెవరి మీద అనుమానం?"

"ఇంకా పెద్ద నక్షత్రమేదో అడ్డొస్తోందన్నారు కొందరు."

"అయితే దాని వెలుగేదండీ?"

"కనిపించదు."

"వెలుగులేని నక్షత్రం. బావుంది. రెండోవాడు?"

"కృష్ణబిలం. వెలుగును మింగేస్తుంది."

"మింగేవాడు సగం మింగి ఊరుకుంటాడా? కాదులెండి. తర్వాత?"

"దుమ్ము. పళ్ళెంలాంటి పెద్ద దుమ్ము చక్రం, మధ్యలో దాక్కున్న ఇంకో నక్షత్రం. ఎక్కువమంది దీన్నే నమ్ముతున్నారు."

ఆయన నీళ్ళలో గేజి వైపు చువ్వ చూపించాడు. "దుమ్మంటే నమ్మొచ్చు. గేజికి కొట్టుకొచ్చిన గుర్రపుడెక్క అడ్డంపడ్డా సగం అంకె కనబడుద్ది. కానీ లోపల దాక్కున్నవాణ్ణి చూసినవాడెవడండీ?"

"ఎవరూ లేరు."

"మరి క్రితంసారి మసకబారింది ఎప్పుడంట? మీ అంకె ముందు చెప్పండి."

"ఎనభై రెండులో మొదలై ఎనభై నాలుగులో తేరుకుంది."

ఆయన లాకుల గోడ మీద కూర్చుండిపోయాడు. సూరమ్మ గుమ్మంలోంచి, "ఏంటండీ, ఒంట్లో బాలేదా?" అని అరిచింది. ఆయన చెయ్యి ఊపాడు, ఉండమన్నట్టు.

ఎనభై మూడులో ఉద్యోగంలో చేరాడట. పెద్ద లస్కరు పోతురాజు ఆ చలికాలంలో ఈ మూడు చుక్కలే చూపించి, ఏది పెద్దదని అడిగాడు. పైది అన్నిటికన్నా చిన్నదని జీవరాజు చెప్పాడు. పోతురాజు తల కూడా ఎత్తకుండా, "పైదే పెద్దదిరా గుడ్డోడా," అని నెత్తిన మొట్టి, నాలుగు నెలలు గేజి దగ్గరకు రానివ్వలేదు. లాకుల మీద పనిచేసేవాళ్ళంతా గుడ్డిరాజు అని పిలిచారు. మరుసటి చలికాలానికి పైది పెద్దదిగా కనిపించింది. తన కళ్ళు నయమయ్యాయనుకున్నాడు. గుళ్ళో సాక్ష్యం కూడా చెప్పాడట, దేవుడు చూపునిచ్చాడని.

"చూపొచ్చిందని గుళ్ళో చెప్పానుగానీ, దానికి ఈ చుక్కే కారణమని సూరమ్మకి కూడా చెప్పలేదండి. మీకెవరూ చెప్పే వీల్లేదు. అంటే ఆ కాయితం నిజమే." నా చేతిలోంచి ప్రింటు తీసుకుని అన్నాడు: "ఆరోజు నేను చూసింది చూసినట్టే చెప్పానండి, మాస్టారూ. పోతురాజే చూడలేదు."

సోమవారం సెలవు పెట్టి ఆయనతో నేనూ వెళ్ళాను. గదిలోకి వెళ్ళగానే జీవరాజు డాక్టరుగారితో, "ఈ అక్షరాలు బయట బల్ల మీంచే తలుపు సందులో చదివేశానండి, ఇది చెల్లదు. వేరే పటం పెట్టించండి," అన్నాడు. డాక్టరుగారు నవ్వుతూ పెట్టించారు. కుడికంట్లో శుక్లం మొదలైంది, ఏడాది ఆగొచ్చు. ఎడమకన్ను శుభ్రంగా ఉంది. పనికి తగినవాడని రాసిచ్చారు. జీవరాజు ఆ కాగితాన్ని కిటికీ వెలుగుకి ఎత్తి, సంతకం వెనకనుంచి కూడా చూశాడు.

ఆ వారంలోనే నాకు ప్రమోషను మీద ఏజెన్సీ వైపు బదిలీ అయింది. మళ్ళీ ఆయన్ని చూడలేదు. ఆ సోమవారం తిరుగు ప్రయాణంలో బస్సు లాకుల దగ్గర ఆగినప్పుడు జీవరాజు దిగి, మెట్టు మీద ఒక కాలుంచి, కండక్టరు విసుక్కుంటున్నా కదలకుండా, నా చెవి దగ్గరకు వంగాడు.

"నా కన్ను సరిగ్గానే ఉందంటే నేను రాసిన నీళ్ళు ఈ లాకులు దాటినట్టేగా. చివరి ఊళ్ళకి చేరలేదంటే దారిలో ఎవరో మళ్ళించుకుంటున్నారు. మధ్యలో పదహారు మైళ్ళ గట్టుందండి, మాస్టారూ. రేపు తెల్లారగానే సైకిలేసుకుని పోతాను. మీరు మాత్రం ఎవరితోనూ అనకండి."