అప్ప మాడ్చిన పంచదార

కిటికీ తలుపులు బార్లా తెరిచి పెట్టినా మా టెక్కలి ఇంటి వంటగదిలోంచి మాడిన పంచదార వాసన ఓ పట్టాన పోదు. చేతులు తుడుచుకునే తువ్వాలుకి పడుతుంది, తలుపు తెరకి పడుతుంది, మర్నాడు ఆఫీసుకి తొడుక్కున్న చొక్కాలోంచి కూడా ఉండుండి వస్తుంది. రిటైర్మెంటు దగ్గరపడుతున్న రోజుల్లో నేనో చిన్న కరెంటు ఓవెన్ కొనుక్కుని, ఫోనులో వీడియోలు చూసుకుంటూ కేకులు నేర్చుకోవడం మొదలుపెట్టాను. బన్నులు వచ్చాయి, బిస్కట్లు వచ్చాయి, పొరలు పొరలుగా విచ్చుకునే పఫ్ కూడా కొన్నిసార్లు చెడి చివరికి లొంగింది. లొంగనిదల్లా చిన్నప్పుడు మా అప్ప చేసిన క్రిస్మస్ కేకు. మా వైపు అక్కని అప్ప అంటాం.

మా ఊరు కంచిలికి అవతల, సముద్రం వైపు. డిసెంబరు వస్తే పొద్దెక్కేదాకా జీడితోటల మీద మంచు కదిలేది కాదు, కొబ్బరాకుల కొసల్నుంచి నీళ్ళు ఇంటి పెంకుల మీద టపటపమని రాలుతుండేవి, చర్చిలో పాటలు నేర్చుకుంటున్న పిల్లల గొంతులు ఆ మంచులోంచి తడితడిగా వినిపించేవి. అమ్మ ఊళ్ళోనే జీడిపిక్కలు కొట్టే షెడ్డులో పనికి వెళ్ళేది. పిక్కలోంచి కారే రసం తగిలి ఆవిడ అరచేతులు ఎప్పుడూ నల్లగా పెచ్చులుకట్టి ఉండేవి. బూడిద రాసుకున్నా, ఆముదం రాసుకున్నా ఆ నలుపు వదిలేది కాదు. ఆ చేత్తో కేకు పిండి ముట్టుకుంటే తిన్నవాళ్ళ పెదాలు పొక్కుతాయని కేకు చేసే రోజు అమ్మ వంటింటి గడప దాటి లోపలికి వచ్చేది కాదు. గడప బయట పీట వేసుక్కూచుని, మోకాళ్ళ చుట్టూ చేతులు కట్టుకుని, సినిమా చూస్తున్నట్టు చూసేది. కేకు పని మొత్తం అప్పదే. పాస్టరమ్మగారి దగ్గర చూసి నేర్చుకుంది.

మాకు ఓవెన్ అన్న మాటే తెలీదు. ముందురోజు అప్ప ఒడ్డుకి వెళ్ళి తట్టతో ఇసక తెచ్చి, ఉప్పంతా పోయేదాకా నూతి నీళ్ళతో కడిగి ఎండబెట్టేది. ఉప్పు మిగిలితే వేడికి చిటపటలాడి కేకు బీటలిస్తుందని ఆవిడ నమ్మకం. పెద్ద డేకిసాలో ఆ ఇసక పరిచి, లోపల పిండి గిన్నె దింపి, మూత మీద కొబ్బరిచిప్పల నిప్పులు పేర్చేది. నాటుకోడి గుడ్లు కవ్వంతో చిలికిన నురగ, వెన్న, పెరట్లో పచ్చి బొప్పాయి కోసి పాకంలో ఉడికించి ఆరబెట్టిన ముక్కలు, షెడ్డు నుంచి అమ్మ తెచ్చే జీడిపప్పు నూక, దాల్చినచెక్క, కొద్దిగా జాజికాయ. ఇవన్నీ ఎవరైనా కలపగలరు. మిగతా ఇళ్ళ కేకులకీ మా కేకుకీ తేడా పంచదార దగ్గరే వచ్చేది. ఇనపమూకుట్లో పంచదార కరిగి, తేనె రంగయి, ఇటిక రంగయి, పొగ లేచి, ఇక పాడైపోయిందని మేమంతా అనుకున్న తరవాత కూడా అప్ప కదిలేది కాదు. ముక్కు ముందుకు చాచి, కళ్ళు మూసుకుని నిలబడేది. ఏదో వాసన అందగానే చటుక్కున వేణ్ణీళ్ళు పోసేది. మూకుడు భుస్సుమని బుసకొట్టేది. ఆ నల్లటి పాకంలో చేదు ఉండీ లేనట్టుండేది. ఆ చేదు ఉండబట్టే కేకు తీపి ఎంత తిన్నా మొహం మొత్తేది కాదు.

నేను మూడో తరగతిలో ఉండగా ఒక ఏడు మూత మీద నిప్పులు చూసే పని నాకు అప్పగించారు. కొబ్బరిచిప్పలు ఆరిపోతే కొత్తవి పెట్టాలి, అంతే. బయట పిల్లలు కోతికొమ్మచ్చి ఆడుతున్నారు. చిప్పలు నెమ్మదిగా అంటుకుంటాయి. పొయ్యి వెనకాల బస్తాలో జీడిపిక్కల పెంకులున్నాయి. వాటికి నిప్పు తగిలితే భగ్గుమంటాయని మా ఊళ్ళో పాకే పిల్లలకి కూడా తెలుసు. రెండు దోసిళ్ళు మూత మీద పోసి ఆటకి పరిగెత్తాను. ఆ పెంకుల నూనె పొగ మూత సందుల్లోంచి లోపలికి దిగింది. సాయంత్రం అప్ప కేకు కోసి ఓ తునక నోట్లో పెట్టుకుని, ఉమ్మేసి, చాలాసేపు నోరు కడుక్కుంది. ఏటా పాస్టరుగారింటికి పంపే కేకు పళ్ళెం ఆ ఏడు వెళ్ళలేదు. అమ్మ కర్ర తీసుకుంటే అప్పే అడ్డం పడింది.

"ఒగ్గీయే అమ్మా, గుంటడికేటి తెలుసు," అని, నా వైపు తిరిగి, "ఒరే, నువ్వు పొయ్యి కాడికి మరి రాకు నాయినా. తినడానికి రా, సాలు," అంది.

ఆ మాట నాకు సెలవు చీటీలా దొరికింది. జీవితమంతా దాన్ని వాడుకున్నాను. అప్ప పెళ్ళయి వెళ్ళింది, తనూ పిక్కల షెడ్డులోనే చేరింది, అమ్మ చేతుల్లాగే తన చేతులూ నల్లబడ్డాయి. అయినా ప్రతి క్రిస్మస్‌కీ పని మానేసి, చేతులు మానేదాకా ఆగి, కేకు చేసి బస్సులో నాకు పంపేది. ఓవెన్ కొన్నానని తెలిసి నవ్వింది. "ఒకపాలి వచ్చి నా పక్కన కూకోరా, సూపిత్తాను. నానెల్లిపోనాక ఎవుల్నడుగుతావు?" అంది. నాకు ఆడిటని, శుభలేఖలని, ఎండలని ఎప్పుడూ ఏదో ఒకటి ఉండేది. నిజానికి అవేవీ కాదు. వండినది తినడం వేరు, వండేవాళ్ళ పక్కన ఓ పూట కూచోవడం వేరు. మొదటిదే నాకు అలవాటు.

తరవాత అప్ప కిడ్నీలు పాడయ్యాయి. మా ఉద్దానంలో ఊరూరా ఉన్న జబ్బే అది, ఈ మాట వింటే ఎందుకని ఎవరూ అడగరు, ఎక్కడ చూపిస్తున్నారనే అడుగుతారు. డయాలసిస్‌కి పలాస తీసుకెళ్ళడం మొదలైంది. జీడిపప్పు వద్దన్నారు, కొబ్బరినీళ్ళు వద్దన్నారు, తాగే నీళ్ళకీ కొలత పెట్టారు. పొయ్యి దగ్గర నిలబడే ఓపిక ఆవిడకి లేదు. అప్పుడు మేలుకున్నాను నేను. ఇంట్లో పంచదార మాడ్చి, ఆ పాకం చిన్న సీసాలో పోసుకుని ఆసుపత్రికి తీసుకెళ్ళేవాణ్ణి. తినకూడదు గానీ వాసన చూడొచ్చు కదా. తను ఉండగానే ఆ వాసన పట్టుకోవాలన్నదే నా ఆత్రం.

మొదటిసారి మూత తీసి ముక్కు దగ్గర పెట్టుకుని, "ఏట్రా ఇది, పంచదారా, తారా? కంచిలి రోడ్డు గోతులకి పనికొత్తాది," అంది.

పక్క మంచం మీద సంతబొమ్మాళి వైపు నుంచి వచ్చే చేపల వేటకారు ముసలాయన ఉండేవాడు. "ఓలమ్మా, మీ తమ్ముడు సారా అట్టుకొచ్చినాడేటి? నాకూ ఒక సుక్క పొయ్యమను," అన్నాడు.

"నీకూ నాకూ నీళ్ళే కొలిసిత్తన్నారు మావా, సారా కావాలేటి నీకు!" అంది అప్ప.

వార్డంతా నవ్వింది. తరవాత్తరవాత నా సీసా కోసం ఆయనా ఎదురుచూసేవాడు. అప్ప ఒకసారి పచ్చి వాసనంటుంది, ఒకసారి దాటిపోయిందంటుంది, ఒకసారి "భయపడి నీళ్ళు పోసేసినావు, నిజం సెప్పు," అంటుంది. నిజమే అయ్యేది. అంత బాగా కనిపెడుతున్నందుకు ఆశ్చర్యపోయేవాణ్ణి.

క్రిస్మస్ దగ్గరకొచ్చింది. ఆ రోజు ఆఫీసులో మధ్యాహ్నం మీటింగు. సీసా ఇచ్చి మంచం పక్కన నిలబడే ఉన్నాను, కూచోలేదు. అప్ప సీసా ముక్కు దగ్గర పెట్టుకుని నా వంక చూసింది. "ఇదేరా. సరిగ్గా ఇదే. మరి సీసాలట్టుకు రానక్కర్నేదు, ఎల్లు," అంది. చిన్నపిల్లాడిలా ఆవిడ చెయ్యి పట్టుకుని ఊపి వచ్చేశాను. ఆ పాకంతోనే కేకు చేశాను. చేదు. మా ఆవిడ ముక్క కొరికి పళ్ళెం పక్కకి జరిపింది. మళ్ళీ అడుగుదామనుకుంటూ ఉండగానే, కొత్త సంవత్సరం రాకముందే, అప్ప వెళ్ళిపోయింది.

అప్ప పోయాక చర్చివాళ్ళు ఇంట్లో పెట్టిన ఆదరణ కూటం అయ్యాక అప్ప కూతురితో అన్నాను, మీ అమ్మ సరే అన్నట్టే చేశానే, చేదుగా వచ్చిందేమని.

"అమ్మకి వాసనలు తెలీడం మానేసి సాన్నాళ్ళయిపోయింది మావయ్యా," అంది ఆ పిల్ల. "ఆసుపత్రి మందు వాసనే తెలీదనీది. నువ్వు సీసా ఇచ్చినప్పుడు నీ మొకం సూసి సెప్పీది."

నా ముఖంలో భయం కనిపిస్తే భయపడ్డావంది. అనుమానం కనిపిస్తే పచ్చి అంది. ఆ చివరి రోజు కనిపించింది తొందర. అందుకని నన్ను పంపించేసింది.

ఓ పెద్ద తుపానుకి మా ఊరి జీడితోట సగం పోయింది. డేకిసా, ఇసక, కొబ్బరిచిప్పల నిప్పులు ఎవరికీ అక్కర్లేదు. పలాసలో ఎక్కడ చూసినా తెల్ల క్రీము పూసిన కేకులే. నేను మాత్రం పంచదార మాడ్చడం మానలేదు. మూకుడు దగ్గరే కదలకుండా నిలబడతాను. పొగ లేచే దాకా ధైర్యంగానే ఉంటుంది. ఆ తరవాత ఎక్కడ ఆగాలో చెప్పే మనిషి లేక, ప్రతిసారీ కాస్త ముందే నీళ్ళు పోసేస్తాను. కేకు లేత రంగులో, ఉత్త తీపిగా వస్తుంది. ఇంట్లో అందరికీ అదే నచ్చింది.