దూరని ప్లగ్గు

మా చిన్నప్పుడు... ఉదయగిరిలో మా వసారా నిండా జనం. సౌదీలో డ్రైవరుగా పనిచేసే మా చిన్నాయన, అవ్వ కోసం కలర్ టీవీ మోసుకొచ్చాడు. అవ్వ కొత్త చీర కట్టుకుని అందరికన్నా ముందు కూర్చుంది.

దాని ప్లగ్గుకు రెండు చదును రేకులు. మా గోడలో గుండ్రటి రంధ్రాలు. దూరలేదు.

"ఆగన్నా! ఆడ కరెంటు నూటపది, ఈడ రెండొందల ముప్పై. తగ్గించే పెట్టె నెల్లూరి నుంచి తెచ్చినాక పెడదాం" అన్నాడు చిన్నాయన.

"కరెంటుకి గూడా పాస్‌పోర్టు ఉండాదేంట్రా? ఊరంతా కూర్చోనుండారు!" అంటూ నాయన కత్తి అందుకున్నాడు.

అప్పట్లో అందరూ చేసే పనే... ప్లగ్గు కోసేసి, తీగల కొసలు వలిచి, రంధ్రాల్లో పెట్టి, జారకుండా అగ్గిపుల్లలు గుచ్చడం.

నాయన స్విచ్చి వేశాడు. ఢామ్మని పేలింది. వెనకనుంచి మంట, నల్లటి పొగ... చిన్నాయన గోనెపట్టా కప్పి ఆర్పాడు. జనంలో ఎవరో నవ్వారు. ఆ నవ్వు నాయనకు ఎక్కడో తగిలింది.

"పాతసామాను ఏరకొచ్చి నా పరువు తీస్తావా?"

"కోసింది నువ్వా, నేనా?"

మూలనున్న రోకలి నాయన చేతికి వచ్చింది. చిన్నాయన ఎడమ చెవి మీద పడింది. అతను లేచి నాయన తల గోడకేసి బాదాడు. అడ్డం వెళ్లిన అవ్వ కొత్త చీర మీద ఇద్దరు కొడుకుల నెత్తురు...

ఆ చెవి మళ్లీ సరిగ్గా వినలేదు. అన్నదమ్ములు మళ్లీ ఒక పంక్తిలో భోంచేయలేదు. నాయన పోయిననాడు కూడా చిన్నాయన వాకిట్లోనే నిలబడ్డాడు.

తర్వాత నేను ఫిజిక్స్ చదివాను. కరెంటు కొత్తగా వచ్చిన రోజుల్లో ఏ దేశానికి వీలైన వోల్టేజీ ఆ దేశం పెట్టుకుంది. దీపాలు, మోటర్లు ఇంటింటికీ చేరాక మార్చాలంటే అన్నీ పారెయ్యాలి... అందుకే ఎవరిది వాళ్లకే ఉండిపోయింది. టీవీలో రంగులు పంపే పద్ధతీ అంతే. ఆ టీవీ బతికినా మన ప్రసారాలు నలుపు తెలుపుల్లోనే కనపడేవేమో! ప్లగ్గు దూరకపోవడమే హెచ్చరిక. మా నాయన దాన్నే కోసేశాడు. నాయన నాకు నాయనే... అయినా తప్పు తప్పే.

నిన్న ఆత్మకూరులో మా ఇంటికి వచ్చిన చిన్నాయన చెవి మిషన్ చార్జరు పెడుతూ దాని మీది అక్షరాలు చదివాను. నూరు నుంచి రెండొందల నలభై వోల్టుల దాకా... ఏ దేశంలోనైనా పనిచేస్తుందట.

ఈ తెలివి ఆనాడే వచ్చి ఉంటే, ఆ మిషనే అక్కర్లేకపోయేది.

మీ ఇంట్లో అగ్గిపుల్లలు గుచ్చింది ఎవరు? ఏం పోయింది?