పార్కుకు పొట్టేలును తోలుకుపోయిన సాయంత్రం

నాకు కోపం తొందరగా వస్తుంది. వచ్చిన కోపం ఊరికే పోదు, నా చేత ఏదో ఒక పని చేయించిగాని పోదు. ఇది అలాంటి పనుల్లో ఒకటి.

మేముండేది కర్ణాటకలోని పావగడలో, కొండ కింది వీధిలో. మా ఆయన మొబైల్ రిపేరు అంగడి పెట్టుకున్నాడు. ఇంటికి రెండు వీధుల అవతల పిల్లల పార్కు ఉంది. పార్కంటే పెద్దగా ఊహించుకోకండి. రెండు ఉయ్యాలలు, ఒక జారుడుబండ, నాలుగు సిమెంటు బల్లలు, ఎండకు మాడిన గడ్డి. మా ఐదేళ్ల కూతురికి మాత్రం అదే లోకం. బడి నుంచి రాగానే సంచి ఒక మూలకు విసిరేసి పరుగెత్తేది. జారుడుబండ ఎక్కిందంటే ఆకలేసేదాకా ఇంటి ఊసెత్తేది కాదు.

ఒకరోజు పార్కులో అడుగు పెట్టామో లేదో, గోధుమరంగు కుక్క ఒకటి, దూడంత ఉంటుంది, పరుగెత్తుకొచ్చి మా పిల్ల భుజాల మీద రెండు కాళ్లూ వేసి ముఖమంతా నాకేసింది. దానికి తాడూ లేదు, గొలుసూ లేదు. కరవలేదన్న మాట నిజమే. కానీ అంత నోరు ముఖం మీదికి వస్తే, ఐదేళ్ల పిల్లకు కరిచినా నాకినా ఒకటే. గుక్కపట్టి ఏడ్చింది. కుక్క యజమాని ఒక రిటైరైన సారు. బల్ల మీద కాలు మీద కాలేసుకుని ఫోను చూసుకుంటున్నాడు.

"సార్, కుక్కను కట్టేసుకోండి" అన్నాను.

"ఏం చెయ్యదు లేమ్మా. ఆడుకుంటాది అంతే" అన్నాడు తల ఎత్తకుండా. "పిల్లకు కొంచెం ధైర్యం నేర్పియ్యి."

ఆ చివరి మాటకు నాకు ఒళ్లు మండింది.

ఆ తర్వాత పిల్ల పార్కు గేటు దాకా వచ్చేది, కుక్కను చూసేది, నా చీర పట్టుకుని వెనక్కి లాగేది. పదిహేను రోజులు ఇదే వరస. ఒకరోజు ఇంటి మెట్ల మీద చాప పరుచుకుని జారబోయి మోచేయి గీరుకుంది. ఆ చేతికి పసుపు రాస్తుంటే నాకే ఏడుపొచ్చింది.

పురసభ ఆఫీసుకు, అదే మా మునిసిపాలిటీకి, పోయి అర్జీ ఇచ్చాను. వాళ్లు గేటుకు కన్నడంలో బోర్డు పెట్టించారు, కుక్కలను తీసుకురాకూడదని. సారు ఆ బోర్డును గట్టిగా చదివి, "చూసినావా, నీ గురించే రాసినారు" అని కుక్కకు చెప్పి, దాన్ని తీసుకుని దర్జాగా లోపలికి పోయాడు. నాకు నవ్వొచ్చింది. నవ్వొచ్చినందుకు ఇంకా కోపమొచ్చింది.

సరిగ్గా ఆ వారంలోనే బలసముద్రం నుంచి మా నాయన లగేజీ ఆటోలో పొట్టేలును ఎక్కించుకుని వచ్చాడు, పశువుల ఆస్పత్రిలో సూది వేయించడానికి. మా పొలం సోలారు కరెంటు కంపెనీకి ఇచ్చేశాక ఆయనకు మిగిలిన వ్యాపకం ఆ గొర్రెలే. సూది అయ్యాక మా ఇంటిముందు పొట్టేలును కట్టేసి టీ తాగుతూ చెప్పాడు: "దాని ముందర తలొంచి యెనక్కి అడుగెయ్యొద్దండప్పా. మావూరి పిల్లోళ్లు దానికి పోట్లాట నేర్పినారు. ఎవురన్నా అట్ల జేస్తే పోటుకు పిల్చినారనుకుంటాది."

నాయన అలా నడుం వాల్చాడో లేదో, నేను తాడు విప్పి గుంజకే వదిలేసి, పిల్లను వెంటబెట్టుకుని, పొట్టేలును తోలుకుని పార్కుకు బయలుదేరాను. పిల్ల గేటు దగ్గర ఆగిపోయింది. నేనూ పొట్టేలూ లోపలికి పోయాం.

"ఏందమ్మా ఇది?" అన్నాడు సారు. మొదటిసారి ఫోను జేబులో పెట్టాడు.

"పొట్టేలు సార్."

"అది నాకూ కనపడతాండాది. తాడేది?"

"ఏం చెయ్యదు సార్. ఆడుకుంటాది అంతే. బోర్డులో కుక్కలని ఉండాది గానీ పొట్టేళ్లని లేదు కదా!"

కుక్క మొరుగుతూ వచ్చింది. మంద కుక్కల మధ్య పెరిగిన పొట్టేలు దాన్ని లెక్కచేయలేదు. ఒక్కసారి కొమ్ములు విదిలించేసరికి కుక్క బల్ల కిందికి దూరింది. దాన్ని బయటికి లాగుదామని సారు వంగి, మెడపట్టీ పట్టుకుని, వెనక్కి వెనక్కి అడుగులు వేశాడు. పొట్టేలు కూడా నాలుగు అడుగులు వెనక్కి వేసింది.

"సార్, వంగొద్దు! నిలబడండి!" అని అరిచాను. ఆయన కొంచెం బెదిరితే చాలనుకున్నానే గానీ, నడుం విరగాలని కోరుకోలేదు.

సారు కుక్కను వదిలేసి జారుడుబండ మెట్లెక్కిన వేగం ఆ వయసువాళ్లలో నేనెక్కడా చూడలేదు. పొట్టేలు పోయి ఇనప స్తంభాన్ని ఠంగుమని గుద్దింది. పార్కంతా నవ్వింది. అందరికంటే నేనే ఎక్కువ నవ్వాను.

అప్పుడు గేటు దగ్గర్నుంచి మా పిల్ల వచ్చింది. అది గొర్రెపిల్లగా ఉన్నప్పటి నుంచి, తాత ఊరికి పోయినప్పుడల్లా దానికి ఎండు శెనక్కాయ కట్టె మేపింది తనే. దాని చెవి పట్టుకుని పక్కకు నడిపించి నాకు అప్పగించింది. బల్ల కింద ముడుచుకున్న కుక్కను ఒకసారి చూసింది. తర్వాత జారుడుబండ మెట్లెక్కి సారు వీపు తట్టింది.

"తాతా, జారు. నువ్వు ఈడ్నే కూచుంటే నాకెప్పుడొస్తాది?"

సారు జారాడు. వెనకే మా పిల్ల జారింది, పదిహేను రోజుల తర్వాత. నాకు కడుపు నిండిపోయింది.

కిందికి దిగి నా దగ్గరికొచ్చి, "అమ్మా, ఆ పాప ఏడుస్తాండాది. పొట్టేలును కట్టెయ్యి" అంది.

ఉయ్యాల పక్కన మా పిల్ల కంటే చిన్న పాప ఒకతె వాళ్లమ్మ మెడను కరుచుకుని వెక్కిళ్లు పెడుతోంది. నవ్వులో పడి నేను చూడనేలేదు. వాళ్లమ్మ నన్ను చూసిన చూపుకు తల దించుకున్నాను. సిగ్గేసింది. తాడు లేదు. సారు రొప్పుతూ వచ్చి ప్యాంటు జేబులోంచి కుక్క గొలుసు తీసి నా చేతిలో పెట్టాడు. రోజూ అది ఆయన జేబులోనే ఉండేదన్నమాట!

"ముందు దానికి కట్టమ్మా" అన్నాడు.

మరుసటి రోజు నుంచి కుక్క గొలుసుతోనే వచ్చింది. మా పిల్ల రోజూ జారింది. ఆ పాప మాత్రం రాలేదు. నాలుగు రోజులు నేను గేటు వైపే చూస్తూ కూర్చున్నాను. ఐదో రోజు వాళ్లమ్మ చెయ్యి పట్టుకుని వచ్చింది. గేటు దగ్గరే ఆగి, నా వెనక ఏముందో తొంగి చూసింది.