నార్సింగి దారిలో పిల్లనగ్రోవి

ఆదివారం ఉదయం ఎనిమిదింటికి మెహదీపట్నంలో నార్సింగి బస్సెక్కాను. ఒళ్లో ఎనిమిది నెలల పాప. సంచిలో కాచి చల్లార్చిన నీళ్లు, పాలసీసా, దద్దోజనం, పాత చీరముక్కలో చుట్టిన ఒక పిల్లనగ్రోవి. ఈ ప్రయాణమంతా దానికోసమే.

నేను పనిచేసే లైబ్రరీకి ఎవరో పాత పుస్తకాలతోపాటు దాన్ని ఇచ్చారు. ఉద్యోగం పుస్తకాలతోనైనా నా మనసు వేణువుల చరిత్ర మీదే. ఎక్కడ ఎలాంటివి చేస్తారో కార్డుల మీద రాసుకుంటూ ఉంటాను. దీన్ని మాత్రం ఎవరూ పలికించలేకపోయారు. "వట్టి కర్రండి. సోమవారం పారేయిస్తాను" అన్నారు మా పెద్ద లైబ్రేరియన్ గారు. ఖాజాగూడ గుట్టల దగ్గర మల్లయ్య అనే గొర్రెల కాపరికి వీటి సంగతి తెలుసని మా అటెండరు చెప్పాడు. నాకు మిగిలింది ఈ ఒక్కరోజే.

"పసిపిల్లతోని గీ ఎండల యాడికమ్మా?" అంది పక్కసీటు పెద్దావిడ.

"ఈ పిల్లనగ్రోవి పలకడం లేదండి. చూపించడానికి."

"పిల్లల్ని దవాఖానకు తీస్కపోతరు. నువ్వు కట్టెను తీస్కపోతున్నవ్!"

బస్సంతా నవ్వింది. నేనూ నవ్వాను గాని, చెయ్యి మాత్రం పాప నుదుటి మీదికే పోయింది. వెచ్చగా ఉందా? ఎండకేనా?

తొమ్మిదింటికి నార్సింగిలో దిగి గంటకు పైగా నడిచాను. వెళ్లేవాళ్లు గొడుగు మరవద్దు. దారిలో ఒకదానిమీదొకటి పేర్చినట్టున్న బండలే తప్ప నీడ లేదు. పాప టోపీ ఎన్నిసార్లు సర్దానో.

మల్లయ్యకు డెబ్బై ఏళ్లుంటాయి. గొంగడి పరిచి కూర్చోమన్నాడు. "ఇది పక్కకు వెట్టి ఊదేది కాదు బిడ్డా. కొనకు నోరు వెట్టాలె" అంటూ ఊదాడు. ఉత్త గాలే వచ్చింది.

ఆయన దాన్ని తిప్పి చూశాడు. "గీ కాయితం ఏంది?"

"మా లైబ్రరీ నంబరండి."

"నంబరేసి గొంతు పిసికిండ్రా? గాలి బయటికొచ్చే సందు గీ కాయితం కిందనే ఉంటది!"

"ఎవలా తెలివిగల్లోళ్లు?" అంది అప్పుడే గొర్రెల్ని మళ్లించి వచ్చిన ఆయన భార్య.

నేనే. పుస్తకాల వీపు మీద కింది అంచు నుంచి రెండంగుళాల ఎత్తులో చీటీ అంటించడం మా పద్ధతి. దీనికీ నోరు పెట్టే కొననే కింది అంచు అనుకుని, స్కేలు పెట్టి కొలిచి మరీ అంటించాను. అక్కడున్న సందును పురుగు తిన్న చీలిక అనుకుని, కప్పడమే మంచిదనుకున్నాను.

పాప నీళ్లతోనే తడిపి చీటీ ఊడదీశాను. మల్లయ్య మళ్లీ ఊదాడు. గుట్టలు మారుమోగాయి. గొర్రెలు తలలెత్తాయి. పాప జడుసుకుని గుక్కపట్టింది.

"నాతోని పోటీకొస్తున్నది!" అని నవ్వాడు మల్లయ్య. రంధ్రాల లోపలి నల్లటి మసి చూపించాడు: "చువ్వ కాల్చి పొడిచిండ్రు. గిది మా కాపరోళ్ల పనే." ఆ మాట అక్కడే కార్డు మీద రాసుకున్నాను.

దద్దోజనం పాపతో కలిపి నలుగురం తిన్నాం. మధ్యాహ్నమంతా ఆయన దగ్గర మూడు స్వరాలు నేర్చుకున్నాను.

నాలుగున్నర బస్సులో తిరుగు ప్రయాణం. పాప నిద్రపోయింది, ఒళ్లు చల్లగానే ఉంది. ఇన్నాళ్లూ పుస్తకాల్లో వెతికిన చరిత్రకు ఊపిరి ఈ గుట్టల్లో దొరికింది. రేపు పది గంటలకు పెద్ద లైబ్రేరియన్ గారి గది తలుపు తట్టను. బయటే నిలబడి ఊదుతాను.