దిబ్బ చుట్టూ గోడ

ముందే చెప్పేస్తున్నాను, నాకు పెంచి చెప్పే అలవాటుంది. నేను ఏనుగుని చూసొచ్చానంటే మా ఆవిడ పందికొక్కుకి తగ్గించుకుని వింటుంది. మీరూ అలాగే వినండి.

బాపట్ల అవతల, సముద్రపు ఒడ్డున మా పెద్దమ్మ ఊరు. ఎనభైల్లో ఎండాకాలం సెలవులకి తెనాలి నుంచి అక్కడికే వెళ్ళేవాణ్ణి. ఇంటి వెనక ఇసుక దిబ్బ. ఎంత ఎత్తంటే, పొద్దున్నే ఎక్కడం మొదలుపెడితే సగం దారిలో భోజనానికి ఆగాలి. పైకెక్కితే రేపల్లెలో ఎవరింట్లో ఏం కూరో తెలిసిపోయేది. సముద్రం కూతవేటు దూరంలోనే ఉన్నా, దిబ్బ కింద చేత్తో చెలమ తవ్వితే కొబ్బరినీళ్ళలాంటి నీళ్ళు ఊరేవి. కురిసిన వానంతా దిబ్బ కడుపులో దాచుకునేది మరి. పెద్దమ్మ కొబ్బరిచిప్పతో తోడి బిందె నింపేది. ఉప్పెన వచ్చినప్పుడు ఊరు ఎక్కి బతికిందీ దాని మీదే.

తొంభైల్లో రొయ్యల చెరువులొచ్చాయి. గట్లకీ, షెడ్ల కింద మెరకకీ ఇసుక కావాలని ట్రాక్టర్లు దిబ్బ మీద పడ్డాయి. పెద్దమ్మ బిందె ఒళ్ళో పెట్టుకుని ట్రాక్టరుకి అడ్డంగా కూర్చుంది.

"లెగండి పిన్నిగారూ, ఇసుకే కదండీ," అన్నాడు డ్రైవరు.

"ఇసుకేంట్రా? నీ మనవడు తాగే నీళ్ళురా అయ్యి!"

"నాకింకా పెళ్ళే కాలేదండీ."

"నీళ్ళు లేని ఊళ్ళో నీకు పిల్లనెవడిస్తాడ్రా?"

ట్రాక్టరు వెనక్కి పోయింది. ఊరికి పౌరుషం వచ్చింది. చర్చి అరుగు మీద కూర్చుని, దిబ్బ చుట్టూ గోడ కట్టేద్దామని తీర్మానించారు. ఒకరు ఇటుకలిచ్చారు, ఇంకొకరు సిమెంటిచ్చారు. మరి ఇసుకో?

"కొండంత ఎదురుగా పెట్టుకుని ఇసుక కొనడమేంటండీ!" అన్నాడు మేస్త్రీ. అందరూ నవ్వారు. పెద్దమ్మ కూడా.

గోడకి దిబ్బనే తవ్వారు. కట్టినవాళ్ళు ఎలాగూ మన దిబ్బేగా అని తమ ఇళ్ళకీ తలా రెండు బండ్లు తోలుకున్నారు. మూడు వైపులా గోడ లేచేసరికి దిబ్బ కన్నా గోడే ఎత్తుగా ఉంది. లోపల కాపాడ్డానికి పెద్దగా ఏం లేదని నాలుగో వైపు వదిలేశారు. మిగిలిన ఇసుక ఆ సందులోంచే ట్రాక్టర్లెక్కి వెళ్ళిపోయింది.

మరుసటి వేసవికి చెలమ ఉప్పెక్కింది. ఊళ్ళోకి నీళ్ళ ట్యాంకరు వచ్చింది. అయినా పెద్దమ్మ తెల్లారగానే వెళ్ళి చెలమ తవ్వేది. ఓ చుక్క నాలిక మీద వేసుకుని, "ఈ వానలకి మళ్ళీ తీపెక్కుద్దిలే," అనుకుంటూ ఖాళీ బిందెతో వచ్చేసేది.

మంచాన పడ్డాక ఓరోజు నన్ను పిలిచి చెలమ నీళ్ళు అడిగింది. తవ్వి తెచ్చాను. గుక్కెడు తాగి, "తియ్యగానే ఉన్నాయిరా. నీ పిల్లలక్కూడా చూపించు," అంది.

ఇక ఏది కల్పించానో చెప్పాలి. దిబ్బ ఎత్తు మీరే తగ్గించుకుని ఉంటారు. గోడ సంగతిలో ఒక్క ఇటుక కూడా పెంచలేదు. అది ఇప్పటికీ ఉంది, మూడు వైపులా, ఏమీ లేని చోటు చుట్టూ. నేను కల్పించింది పెద్దమ్మ ఆఖరి మాట. ఆవిడ ఆ గుక్కెడూ నోట్లో కాసేపు ఉంచుకుంది. మింగలేక మంచం పక్కన ఊసేసి, ఏమీ అనకుండా అటు తిరిగి పడుకుంది.