అక్క నిశ్చితార్థం రంగు దిగిన రోజు

మా అక్క నిశ్చితార్థం మొత్తాన్ని ఒక చెంబెడు నీళ్ళతో మోరీలో పారబోసినంత పని చేసిన ఘనురాలిని నేనే. ఎలాగో చెప్తాను. అయితే చెప్పానని మా అక్కకు చెప్పకండి, ఆమె కోపం ఇప్పుడిప్పుడే చల్లారింది.

అప్పట్లో నాకు పాత రీలు కెమెరా పిచ్చి. వనపర్తిలో నిశ్చితార్థం రోజున గుడ్డ సంచి పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాను. "ఫోన్లన్ని గిండ్ల ఎయ్యిండ్రి. ఫోన్ల తీసేది గూడ ఒక ఫొటోనేనా?" అన్నాను. పెళ్ళికొడుకు తల్లి కూడా తన ఫోను తెచ్చి వేసింది. అంటే ఆ వేడుకంతా నా దగ్గరున్న ఒకే ఒక్క రీలులో, ముప్పై ఆరు ఫొటోల్లో ఉందన్నమాట.

మా గద్వాలలో రీలు కడిగేవాళ్ళు ఎప్పుడో మానేశారు. ఇంట్లోనే కడుగుదామని మందులు తెప్పించాను. మా నాన్న చీరల నూలుకు, పట్టుకు రంగులద్దే మనిషి. ఆయన కూతురికి రీలు కడగడం ఒక లెక్కా?

నాన్నే నీళ్ళు కాచాడు. వేలు ముంచి, "జర తక్కువున్నది" అన్నాడు. ముప్పై ఎనిమిది డిగ్రీలు కావాలి, థర్మామీటర్ ముప్పై ఆరు చూపించింది. ఆయన మీద నాకు గురి కుదిరింది అక్కడే.

కిటికీ లేని నూలు గదిలో చీకట్లో రీలును నల్ల డబ్బాలో పెట్టి, నీళ్ళు తప్ప వెలుతురు దూరని మూత బిగించి బయటికొచ్చాను. ముందుగా ఉత్త వేడినీళ్ళు పోసి వంపాలి. పోశాను, వంపాను. ఆకుపచ్చటి నీళ్ళు దిగాయి!

వేరే ఇళ్ళలో రంగునీళ్ళు రంగునీళ్ళే. మా ఇంట్లో మాత్రం ఉతుకులో రంగు దిగిందంటే చీర వాపసు, పరువు గంగపాలు.

నాన్న లేచి నిలబడ్డాడు. "ఏంది బిడ్డా గిది? రంగు దిగుతున్నది!"

"అవు నాయినా, దిగుతున్నది!" అన్నాను. అద్దకం ఇంట్లో పుట్టాను కదా, నాకూ అదే భయం.

అక్క పరుగెత్తుకొచ్చింది. "గది నా చీర రంగు గాదానే?"

"అక్కా, జర ఆగు..."

"ఇంకేం ఆగాలె? అంత మోరీల పాయె! ఫోన్లన్ని సంచిల ఏయిస్తివి గదనే, పాపిష్టిదానా!"

"ఉన్న రంగన్న నిలవాలె" అంటూ నాన్న, పట్టుకు రంగు పట్టడానికి వేసే పుల్లటి ఆసిడ్ ఒక మూతెడు నీళ్ళలో కలిపిచ్చాడు. ముప్పై ఏళ్ళలో ఆయన అద్దిన రంగు ఒక్కసారీ దిగలేదు. అలాంటి మనిషి చెబితే కాదంటానా? డబ్బాలో పోసి ఊపాను.

ఊపుతూ ఊపుతూ, మందులతో పాటు వచ్చిన కాగితం తీశాను. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నవాళ్ళు ఉన్నారు, రంగు దిగాక కాగితం పట్టుకున్నది నేనొక్కదాన్నే. మొదటి వరసలోనే ఉంది: "తొలి నీళ్ళు రంగుగా వస్తాయి. అది రీలు మీది పూత. కంగారు పడవద్దు."

ఇప్పుడు ఆసిడ్ లోపలుంది! పులుపు వాసన పోయేదాకా ఎనిమిదిసార్లు కడిగాను. తర్వాత వరసగా మందులు పోస్తూ నిమిషాలు లెక్కపెట్టాను. చివరికి మూత తీసి, రీలును నూలు ఆరేసే దండెం మీద వేశాను. బొమ్మలున్నాయి!

అక్క వెలుతురుకు పట్టి చూసి కెవ్వుమంది. "నా పచ్చచీర గులాబీ రంగుందేందే? ఈయన పండ్లు నల్లగున్నయి, ఎంటికలు తెల్లగున్నయి! గీ ముసలాయననా నేను చేసుకునేది?"

"రీలు మీద అన్నీ ఉల్టా ఉంటయక్కా" అంటూ ఫోన్‌తో ఫొటో తీసి, రంగులు తిప్పి చూపించాను. చిలకపచ్చ చీర, ఎర్రంచు, తెల్లటి పళ్ళతో నవ్వుతున్న బావ. అక్క నేల మీద కూలబడి ఏడుస్తూ నవ్వింది. నాకు ప్రాణం లేచొచ్చింది. అంత నిమ్మళం మళ్ళీ నా పరీక్షల ఫలితాలకు కూడా కలగలేదు.

"చూస్తిరా? నా ఆసిడ్ వడ్డంకనే రంగు నిల్చింది" అన్నాడు నాన్న. కాగితం చదివి వినిపించాను. "అది రాసినోడు ఎన్నడన్న నూలద్దిండా?" అని కొట్టిపారేశాడు.

రెండు నెలలకు పెళ్ళి. రీలూ నీళ్ళూ అక్కర్లేని కొత్త కెమెరాతో ఫొటోగ్రాఫర్ వచ్చాడు. నాన్న అతని పక్కకు చేరి, పట్టుపంచె మడతలోంచి చిన్న సీసా తీశాడు. "తమ్మీ, నీ కెమెరాల గిది జర మూతెడు పొయ్యి. రంగు దిగదు."

ఆ పందిట్లోనే, అగ్నిసాక్షిగా నేనూ ప్రమాణం చేశాను: ఈ జన్మలో ఎవరి ఫోనూ సంచిలో వేయించను, కాగితం చదవకుండా డబ్బా ఊపను, మా నాన్న పక్కనుండగా కెమెరా మూత తీయనే తీయను.