మామయ్య కొలిమిలో పుట్టిన గోల్ఫు కర్రలు

పోయిన నెల హైదరాబాదులో మా బావమరిది నన్నొక షాపుకి తీసుకెళ్ళాడు. అది షాపో, పెళ్ళి మండపమో, ఆపరేషన్ గదో లోపలికి అడుగుపెట్టిన పావుగంట దాకా నాకు అంతు చిక్కలేదు. నేలంతా పచ్చగడ్డిలాంటి తివాచీ, ఎదురుగా సినిమా హాల్లో ఉండేంత తెర, ఆ తెర మీద ఏ దేశానిదో ఒక మైదానం, వీటన్నిటి మధ్యా నా మీసం గడ్డకట్టేంత చలి. కొందరికి నలభై దాటాక షుగరు పట్టుకున్నట్టు మా బావమరిదికి గోల్ఫు పట్టుకుంది. కొత్త ఐరన్ల సెట్టు, అంటే ఇనపతల కర్రల కట్ట, కొనేముందు ఆ తెర మీదికి బంతులు కొట్టి చూస్తాడట, నేను పక్కన నిలబడి బాగుందనాలట. అక్కడి అమ్మాయి ఒక కర్రని పురిటిబిడ్డని అందించినంత జాగ్రత్తగా నా చేతిలో పెట్టి, ఇది పోత పోసింది కాదని, ఇనుముని కాల్చి కొట్టి చేసిందని, దీన్ని ఫోర్జ్‌డ్ అంటారని బోధించి, "ఇలాంటివి మన వైపు ఎవరూ చేయలేరు అంకుల్" అంది.

ఆ చివరి ముక్క అనకపోయి ఉంటే నేను ఈ కాగితం మీద పెన్ను పెట్టేవాణ్ణి కాదు. ఎవరూ చేయలేరట! నందిగామలో మా మేనమామ, పాతికేళ్ళ కిందట, ఒకటి కాదు, ఎనిమిది చేశాడు. దానికి సాక్షిని నేను. నేను చెప్పే దాంట్లో రూపాయికి పావలా కోసేసుకుని నమ్మటం మా బంధువులందరికీ అలవాటే కాబట్టి మీరూ అలాగే కానివ్వండి. ఆ ముప్పావలా చాలు, ఆ షాపు తెర చిరిగిపోవటానికి.

మా మామయ్య కొలిమి హైవేకి ఎంత దగ్గరంటే, లారీ హారను కొడితే తిత్తి ఉలిక్కిపడేది. నా వయసువాళ్ళకి కొలిమి గురించి చెప్పనక్కర్లేదు. బొగ్గు వాసన, ఎర్రటి ఇనుము నీళ్ళ తొట్టిలో మునిగినప్పటి ఆ చుయ్యిమనే చప్పుడు, తన వంతు కోసం గొంతుక్కూర్చుని బీడీ కాల్చే రైతులు, అన్నీ మీ కళ్ళ ముందే ఉంటాయి. మిరపతోటలకి దోకుడుపారలు, గొర్రుకి కర్రులు, కోతలకి కొడవళ్ళు, అన్నీ ఆయన చేతి మీదుగా వెళ్ళేవి. ఆయన సమ్మెట ఎత్తి వేస్తే కంచికచర్లలో టీ గ్లాసులు వణికేవని అందరూ అనేవారు. అందరూ అంటే, నేను అనేవాణ్ణి. ఆయనకొక పద్ధతి ఉండేది. చేసిన ఏ పనిముట్టునైనా దాగలి దిమ్మ మీద మూడుసార్లు మోగించి, తల వంచి, ఆ మోత ఆగేదాకా వినేవాడు. తరవాత దాని అంచుతో ఎడమచేతి మీద వెంట్రుకలు గీకేవాడు. గీకితేనే ఆ పనిముట్టు గడప దాటేది. అందుచేత ఆయన కుడిచెయ్యి ఎలుగుబంటిలాగా, ఎడమచెయ్యి అరటిదూటలాగా ఉండేవి.

అయితే అప్పటికే ట్రాక్టర్లు వచ్చేశాయి, ఫ్యాక్టరీ కొడవళ్ళు సంతలో కుప్పలు పోసి అమ్ముతున్నారు, బీడీ కాల్చే రైతులు పలచబడ్డారు. పొగకి మామయ్యకి దగ్గు పట్టుకుంది. మా అత్త ఆ దగ్గు వింటూ రాత్రులు లెక్కపెట్టుకునేది. నేను జగ్గయ్యపేట వైపు ఒక సిమెంటు ఫ్యాక్టరీలో స్టోర్సు గుమాస్తాగా కొత్తగా చేరాను, ఇంకా పర్మనెంటు కూడా కాలేదు. అయినా మా అత్త దృష్టిలో ఆ ఫ్యాక్టరీ నాదే. గేటు దగ్గర వాచ్‌మన్ ఉద్యోగం మామయ్యకి ఇప్పించమని నా ప్రాణం తీసేది. నేను వెళ్ళి మేనేజరుగారిని అడిగాను, ఆయన సరేనన్నాడు. సరే అననిది మామయ్య ఒక్కడే. ఖాకీ తొడుక్కుని, ఇంకొకడి గేటుకి నమస్కారాలు పెట్టటం తన వల్ల కాదన్నాడు.

ఆ మేనేజరుగారు ఉత్తరాది మనిషి. ఎత్తు ఆరడుగులు, నా కథల్లో ఏడు. మా కాలనీ వెనక, వాడకం మానేసిన సున్నపురాయి క్వారీ పక్కన, రాళ్ళు ఏరించి, గడ్డి పెంచి, ఆదివారం ఆదివారం ఒక్కడే గోల్ఫు ఆడుకునేవాడు. మా వైపు నేల సంగతి తెలిసిందే కదా, నిన్న ఏరిన చోట ఇవాళ రాయి మొలుస్తుంది. ఆ రాళ్ళకి తగిలి ఆయన ఐరన్లు మూడు మెడ దగ్గర విరిగాయి. కొత్తవి తెప్పించాలంటే నెలలు పడుతుందని ఆయన విచారంగా కూర్చున్న సమయంలో, ఎవరూ అడక్కుండానే, మా మామయ్య చేసిపెడతాడండీ అనేశాను. నా నోరు నాకు చేసిన మేలు చాలా తక్కువ. ఆయన పకపకా నవ్వి, సెట్టు ఎనిమిదీ చేయించు చూద్దాం, విరిగితే మాత్రం మీ మామయ్య ఆ కొలిమి మూసేసి ఒకటో తారీకున వచ్చి గేటు దగ్గర చేరాలి అన్నాడు. ఆయన మంచికే అన్నాడు. నేనే ఆ మాటని నందిగామ చేర్చేలోగా కాస్త ఉప్పూ కారం ఎక్కువ వేశాను.

మామయ్య సమ్మెట కింద పెట్టి, నేను పట్టుకెళ్ళిన పాత సెట్టులోంచి ఒక విరిగిన ఐరన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"దీంతో ఏం చేస్తార్రా?"

"బంతిని కొడతారు మామయ్యా."

"కొట్టి?"

"దూరంగా ఒక గుంత ఉంటది. అందులో పడాలి."

"చేత్తో పట్టుకెళ్ళి పడేస్తే పోలా?"

"అట్టా పడేస్తే ఆట కాదంట."

ఆయన దాన్ని ఇంకోసారి తిప్పి చూసి, "సరేలే, కొట్టేదేగా" అన్నాడు. ఆ "కొట్టేదేగా" దగ్గర నేను ఆగి రెండు ముక్కలు వివరంగా చెప్పి ఉంటే తరవాతి కథ ఉండేది కాదు. కానీ వివరం నాకు మాత్రం ఏం తెలుసు? చివరికి ఆయనే అన్నాడు, "విరిగితే కొలిమిలో నీళ్ళు పోసి ఆ గేటు కాడ నుంచుంటా. పోయి చెప్పు మీ దొరకి."

మా అత్త ఆ మాట విన్న మర్నాడే దర్జీ దగ్గరికి వెళ్ళి ఒక ఖాకీ జత కుట్టించేసింది. కొలతలకి మామయ్య నిద్రపోతుండగా దారం పెట్టి చూసిందని నా అనుమానం.

మూడు వారాలు పట్టింది. హైవే మీద తిరిగి తిరిగి అలసిపోయిన ఏ లారీదో కమాను పట్టీ తెచ్చి, కోసి, కాల్చి, కొట్టి, మేనేజరుగారి పాత కాడలు దూరేట్టు గొట్టాలు చుట్టి, ఎనిమిది తలలు తయారు చేశాడు. ఒక్కోదాని వాలు ఒక్కోలా ఉండాలి కాబట్టి పాతవాటి వాలు అట్టముక్కల మీద గీసి, కత్తిరించి, గోడకి వరసగా తగిలించాడు. బరువులు పక్క కిరాణా కొట్టు త్రాసులో సరిచూశాడు. ఆఖరున ఒక్కోదాన్నీ దాగలి మీద మూడుసార్లు మోగించి విన్నాడు. ఆ తరవాత, నేను చూస్తుండగానే, ఏడో నంబరు ఐరనుతో ఎడమచేతిని నున్నగా గీకేశాడు. నేను పక్కన నిలబడి భేష్ అన్నాను.

ఆదివారం పొద్దున గోనెపట్టాలో చుట్టుకుని ముగ్గురం జగ్గయ్యపేట బస్సెక్కాం. మూటలోంచి తళతళమంటూ ఎనిమిది అంచులు కనబడేసరికి వెనక సీట్లలోవాళ్ళు ఒక్కొక్కరే లేచి డ్రైవరు పక్కకి చేరిపోయారు. కండక్టరు లగేజీ టిక్కెట్టు కొట్టటం కూడా మర్చిపోయాడు. మా అత్త ఒళ్ళో చేతిసంచి, ఆ సంచిలో మడత నలగని ఖాకీ జత.

గ్రౌండులో ఫ్యాక్టరీ ఫ్యాక్టరీ అంతా ఉంది. అంటే ఓ పాతికమంది. ఆఫీసర్లు, గొడుగులేసుకున్న వాళ్ళ ఇల్లాళ్ళు, డ్రైవర్లు, క్యాంటీను వంటమనిషి. మేనేజరుగారు ఏడో నంబరు అందుకుని, తూచి, సంతోషంగా తలాడించి, అంచు మీద బొటనవేలు పెట్టి చప్పున వెనక్కి తీసుకున్నాడు. వేలి మీద రక్తపు చుక్క. పెద్దమనిషి, వేలు జేబురుమాలుకి తుడుచుకున్నాడు. బంతి పెట్టి, భుజం మీదుగా ఎత్తి కొట్టాడు.

ఐరను నేలలోకి వెన్నలోకి దిగినట్టు దిగి, కూర్చునే పీటంత గడ్డి చెక్కని లేపి అవతల పడేసింది. బంతి కత్తిపీట మీది దోసకాయలా సగం దాకా తెగి, అంచుకి అంటుకుపోయి ఉంది.

అందరూ గొల్లుమన్నారు. ఆ నవ్వు క్వారీలో పడి, అక్కడ నుంచి తిరిగొచ్చి, మళ్ళీ పడింది. అందరికంటే ఎక్కువ నవ్వింది మా స్టోర్సు ఆఫీసరు. మేనేజరుగారు మాత్రం నవ్వకుండా మామయ్య భుజం మీద చెయ్యేసి, పరవాలేదని, ఒకటో తారీకున రమ్మని, ఎండలో నిలబడకుండా గేటు దగ్గర కుర్చీ కూడా వేయిస్తానని నెమ్మదిగా చెప్పాడు. ఆ నెమ్మదే ప్రాణం తీసింది. మా అత్త సంచి తెరిచింది.

మామయ్య ఆ ఖాకీ వైపు చూడలేదు. "అయ్యా, ఇనుం విరిగిందా?" అని అడిగాడు.

విరగలేదన్నాడు మేనేజరుగారు.

"పోనీ వంగిందా?"

వంగలేదు.

"మరి పందెం విరిగితే కదా. ఇయ్యాళ తప్పింది నేను. ఈ ఆట నేను కళ్ళతో చూళ్ళేదు, పదును పెట్టకూడదని తెలవదు. తెలిసిందిగా. కూర్చోండి, తీసేస్తా."

అంటూ నడుముకి దోపుకున్న ఆకురాయి తీసి, ఒక సున్నపురాతి మీద కూర్చుని, ఏడో నంబరు ఒళ్ళో పెట్టుకుని అంచు రాయటం మొదలుపెట్టాడు. ఒకటి చాలదా, మిగతావి తరవాత చూడొచ్చన్నాడు ఎవరో ఆఫీసరు. ఎనిమిదీ అయ్యేదాకా దేన్నీ ముట్టుకోనివ్వనన్నాడు మామయ్య. ఎండ నెత్తికెక్కింది. గొడుగులు ఒక్కొక్కటే కాలనీ వైపు నడిచాయి. మా స్టోర్సు ఆఫీసరు నా దగ్గరికొచ్చి, మీ మామయ్యని లేపు, పెద్దాయన టైము పాడుచేస్తున్నాడు, నీ పర్మనెంటు కాగితం ఇంకా నా బల్ల మీదే ఉంది చూసుకో అన్నాడు. నేను చూసుకున్నాను. నా జన్మలో నేను చేసిన ఒకే ఒక సాహసం అప్పుడు జరిగింది. వెళ్ళి మామయ్య ఎదురుగా నేల మీద చతికిలబడి, ఆయన రాయటానికి వీలుగా ఐరను కొస రెండు చేతులా పట్టుకున్నాను. ఆ గట్టి ఉక్కు మీద ఆకురాయి నడుస్తుంటే నా పళ్ళు జివ్వున లాగాయి, ఇప్పటికీ చల్లటి నీళ్ళు తాగితే లాగుతాయి. గంటన్నర పట్టింది, నా కథల్లో మూడు గంటలు. అంతసేపూ మేనేజరుగారు కుర్చీ తెప్పించుకోలేదు, నిలబడే ఉన్నాడు. అది నేను ఆయనకి ఏమాత్రం తగ్గించకుండా ఇచ్చే మార్కు.

చివరిదానితో బొటనవేలి చర్మం మీద గట్టిగా గీసుకుని, గీత పడలేదని తృప్తిపడ్డాక మామయ్య లేచి ఇచ్చాడు.

ఈసారి చప్పుడే వేరు. పాత ఐరన్లతో కొడితే డబ్బా మీద రాయి పడ్డట్టు ఉండేది, ఇది చిన్నగా, గుండ్రంగా "టక్" మంది, అంతే. బంతి క్వారీ దాటి, నాకు కనిపించినంత మేరా వెళ్ళి, ఆ తరవాత నేను చెప్పినంత మేరా వెళ్ళింది. మేనేజరుగారు బంతి వైపు చూడలేదు. తన అరచేతులు రెండూ తిప్పి చూసుకున్నాడు. మళ్ళీ కొట్టాడు. ఆరో నంబరు అడిగాడు, అయిదు అడిగాడు, ఎనిమిదీ కొట్టాడు. ఒక దెబ్బకి గడ్డి కింద దాగిన రాయి తగిలి నిప్పులు రాలాయి. పాతవి విరిగింది సరిగ్గా అలాంటి దెబ్బకే. మామయ్య ఆ ఐరను తీసుకుని, పక్కనున్న బండకి మూడుసార్లు మోగించి, తల వంచి విని, తిరిగిచ్చేశాడు.

"ఏం కాలా. రాయి సంగతి చూసుకోండి."

వాచ్‌మన్ ఉద్యోగం ఇంకెవరికో పోయింది. తిరుగు బస్సులో మా అత్త ఒక్క మాటే మాట్లాడింది. "ఆ దగ్గుకి మందన్నా మింగు" అంది. మామయ్య కిటికీలోంచి బయటికి చూస్తూ తలూపాడు. గెలిచినవాడి మొహంలో అంత భయం నేను మళ్ళీ చూడలేదు. అత్త ఎందుకు భయపడుతోందో ఆయనకి బాగా తెలుసు. మర్నాడు ఆ ఖాకీ జతని అత్తే చింపి, వేడెక్కిన పట్టకార్లు పట్టుకునే మసిగుడ్డలు చేసి కొలిమి దగ్గర పడేసింది. మందు మాత్రం తన చేత్తోనే మింగించేది, చివరిదాకా.

ఆ తరవాత రోడ్డు రెండుసార్లు వెడల్పయింది, రెండుసార్లూ కొలిమి వెనక్కి జరిగింది, రెండుసార్లూ మళ్ళీ నిప్పు రాజుకుంది. మామయ్య పోయి ఆరేళ్ళయింది. ఇప్పుడు అక్కడ సెల్‌ఫోన్లు అమ్ముతున్నారు. పోయినవాటి కోసం ఏడవటం నాకు చేతకాదు, ట్రాక్టర్లు రావలసిందే, రోడ్లు పెరగవలసిందే. నా బాధ ఒక్కటే. ఇప్పుడు ఏ వస్తువు తేడా చేసినా దాన్ని చేసినవాడు కనపడడు. ఫోను చేస్తే ఒకటి నొక్కమంటారు, రెండు నొక్కమంటారు, ఎంత నొక్కినా "తప్పింది నేను, కూర్చోండి, సరిచేస్తా" అనే గొంతు మాత్రం రాదు.

ఊళ్ళో వాళ్ళని అనటమెందుకు, నన్ను చూడండి. పర్మనెంటు కాగితం నాలుగు నెలలు ఆలస్యంగానైనా వచ్చింది, పాతికేళ్ళుగా అదే ఫ్యాక్టరీలో ఉన్నాను, మెళ్ళో ఫోటో కార్డు వేలాడుతోంది. ఈ పాతికేళ్ళలో నేను చేసిన పొరపాట్లు స్టోర్సులోని బోల్టులన్ని ఉంటాయి, ఒక్కటి కూడా నాది అని ఒప్పుకోలేదు, ప్రతిదాన్నీ ఎవరో ఒకరి ఫైలు కిందికి తోసేశాను. ఎనిమిదేళ్ళ సర్వీసుంది ఇంకా. ఈసారి తప్పు దొరికిందంటే దాచను. నా పై ఆఫీసరు ఎదురుగా, అందరూ చూస్తుండగా, కుర్చీ లాక్కుని కూర్చుని, తప్పింది నేనేనండీ, దిద్దేదాకా లేవను అంటాను. నవ్వేవాళ్ళు నవ్వనీ. ఎండలో గంటన్నర నిలబడే మేనేజరు ఈ రోజుల్లో ఉన్నాడో లేడో, అదీ తేలిపోతుంది.